మా బైబిలమ్మ ముగించని ప్రార్థన

1946 మే 19, ఆదివారం.

మా పాలెం బైబిలమ్మ మొన్న మంగళవారం ఉదయం వాగు నుంచి నీళ్ళు తెస్తూ దారిలో వడదెబ్బకు చనిపోయింది. ఎండాకాలం కాబట్టి ఆ సాయంత్రమే సమాధి చేశాం. నరసరావుపేట నుంచి వచ్చిన పాస్టరుగారు సమాధి దగ్గర ప్రార్థన చేశారు. ఆ ప్రార్థనకు మా పాలెంలో ఒక్కరు కూడా ఆమేన్ అనలేదు.

ఈ సంగతి నాలుగు రోజుల్లో గురజాల తాలూకా అంతా పాకింది. పాలెం వాళ్ళు పాస్టరుగారిని అవమానించారని కొందరు అంటున్నారు. విశ్వాసం వదిలేశారని మరికొందరు. మా సంఘం మీద విచారణ జరిపించాలని మిషను పెద్దలకు ఫిర్యాదు వెళ్ళిందట. ‘వెళ్ళిందట’ అని రాయడానికి కారణం, ఆ ఫిర్యాదు నేను చూడకపోవడమే. కళ్ళతో చూసింది, చెవులతో విన్నది ఇక్కడ రాస్తాను. ఇతరులు చెప్పగా తెలిసినది ఉంటే అక్కడే ఆ మాట చెబుతాను. ఈ పత్రిక చదివే అక్కచెల్లెళ్ళు, సంఘ పెద్దలు పూర్తిగా చదివిన తరువాతే మా గురించి ఒక నిర్ణయానికి రావాలని కోరుతున్నాను.

ఆమె మిషనువారు నియమించిన బైబిలు స్త్రీ. పాలెంలో పిల్లా పెద్దా అందరికీ బైబిలమ్మే. నాకంటే వయసులో చిన్నది. ఇద్దరం ఒకే బోర్డింగు స్కూల్లో చదివాం. నేను టీచరుగా పనిచేసి, ఆ తరువాత పాలెంలో కొడుకు ఇంట్లో ఉంటున్నాను. ఆమె పాలెం నుంచి పాలేనికి నడుస్తూనే జీవితం గడిపింది. భుజాన ఒక గుడ్డ సంచి. అందులో బైబిలు, పాటల పుస్తకం, వాటితో పాటు ముళ్ళు తీసే చిమటా. మా దారుల నిండా తుమ్మముళ్ళే. వాక్యం చెప్పడానికి ఎవరి ముందు కూర్చున్నా ముందు వాళ్ళ కాళ్ళ వంక చూసేది.

“ముల్లుతో ఎట్టా వింటావే? మనసంతా అరికాల్లోనే ఉంటది. కాలు ఇటు పెట్టు” అనేది.

ముల్లు తీసిన తరువాతే పుస్తకం తెరిచేది.

ఆమె ప్రార్థనలు చిన్నవి. మిరపచేలో కలుపు తీసే ఆడవాళ్ళ వరుసలో తానూ వంగి కలుపు తీస్తూ, చేతులు ఆపకుండా ప్రార్థన చేసేది. దారిన నడుస్తూ చేసే ప్రార్థనకు కళ్ళు మూసుకోనిచ్చేది కాదు. “కళ్ళు మూసుకుని నడిస్తే ముందు కనపడేది దేవుడు కాదు, పాము” అనేది. పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడు ఒక మాట, దించినప్పుడు ఒక మాట. గంటల తరబడి చేసే ప్రార్థన వినవలసి వస్తే ఆమె కొంగు అంచు మడతలు పెడుతూ కూర్చునేది. అంచు అయిపోయినా ప్రార్థన కాకపోతే మళ్ళీ మొదటి నుంచి మడతలు పెట్టేది.

అయితే ఆమె పద్ధతి ఒకటి వేరుగా ఉండేది. సమాధి దగ్గర జరిగినదంతా ఆ పద్ధతి నుంచి వచ్చిందే గనక దాన్ని వివరంగా రాస్తాను.

మా సంఘంలో పెద్దగా ఉన్నవాడొకడు, ముందు ముందు చెప్పబోయే అన్నదమ్ములిద్దరిలో అన్న, ఒక ఎండాకాలం పొద్దున ఆమెను మా ఇంటి ముందు ఆపాడు. నేను అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాను.

“బైబిలమ్మా, మా బర్రె పాలు ఎగ్గొట్టింది. కాస్త ప్రార్థన చెయ్యి.”

“చేస్తా. పొద్దున మేతేం ఏశావ్?”

“నేను ప్రార్థన అడిగితే నువ్వు మేత అడుగుతావేంది?”

“నేను దేవుణ్ణి అడిగితే ఆయన నన్ను అడగడా? ఏదో ఒకటి చెప్పాలిగా.”

“ఎండల్లో మేత యాడుంది? కాసింత చొప్ప ఏశా.”

“మీ వామి చూస్తే సగం అట్టాగే ఉందిగా.”

“అది దాచింది. ముందుముందు గిరాకీ వచ్చిద్ది.”

ఆమె సంచి దించి కళ్ళు మూసుకుంది. అతనూ తలగుడ్డ తీసి కళ్ళు మూసుకున్నాడు. “ప్రభువా, ఈ ఇంటి బర్రె ఆకలి తీర్చుము” అని ఆపేసింది. అతను కాసేపు ఆగాడు. ఒక కన్ను తెరిచాడు.

“ఆమేన్ అనవేంది?”

“నువ్వెళ్ళి చొప్ప ఏసి రా. అప్పుడంటా.”

“ఎండలో నిలబెట్టి ఎగతాళా?”

“ఎండలోనే ఉంటాలే, పోయి రా.”

అతను సణుక్కుంటూ వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి జుట్టు నిండా చొప్ప పొట్టు. ఆమె నిలబడ్డ చోటే నిలబడి ఉంది. అతని తల వంక చూసి, “ఆమేన్” అని సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం నేను ఆమెను మందలించాను. “ప్రార్థన మధ్యలో వదిలేసి మనిషిని తిప్పడం ఏం పద్ధతే? మనకు అట్లా నేర్పారా?” అన్నాను.

“అక్కా, ఆమేన్ అంటే ఏందని నేర్పారు మనకు?”

“అట్లే అగును గాక అని.”

“కాయితం కింద ఏలిముద్ర ఏసేదీ అందుకేగా, అట్టాగే కానీయండి అని. ఏం రాశారో తెలుసుకోకుండా ఏలిముద్రలేసి పొలాలు పోగొట్టుకున్నోళ్ళు మన పాలెంలో ఎంతమంది ఉన్నారో నీకు తెలవదా? అది చాలక దేవుడి కాయితం మీద కూడా అట్టాగే ఏద్దామా?”

అప్పటి నుంచి ఆ పద్ధతి పాలెంలో స్థిరపడిపోయింది. ఎవరు ఏ ప్రార్థన అడిగినా ఆమె “మరి నువ్వేం చేస్తావ్?” అని అడిగేది. అడిగినవాడు చేయగలిగింది చేస్తాననేదాకా ఆమేన్ ఆగేది. పిల్లలు అన్నం ముందు కళ్ళు మూసుకుంటే తల్లులు “పారెయ్యకుండా తింటానంటేనే ఆమేన్” అనడం మొదలుపెట్టారు. చివరికి అది ప్రార్థన దాటి మాటల్లోకి వచ్చింది. ఎవరు ఏ మాట ఇచ్చినా “ఆమేన్ అంటావా?” అని నిలదీయడం మా పాలెం అలవాటు. ఊళ్ళో దుకాణం కోమటాయన నూనె మంచిదేనని చెబుతుంటే మా ఆడవాళ్ళు ఆ మాటే అడిగారు. ఆయన, “నన్ను ఏమైనా అడగండి గానీ తల్లీ, అది మాత్రం అడగబాకండి” అన్నాడు. ఇది నేను అక్కడ ఉండగా అన్నదే.

ఒక్కసారి మాత్రం ఆమె ప్రార్థన లేకుండా ఆమేన్ అనడం విన్నాను. మా వారు పోయినప్పుడు. ఇంటికి వచ్చిన వాళ్ళందరూ నా ముందు కూర్చుని ప్రార్థనలు చేశారు. అవి నాకు వినపడుతున్నాయి గానీ లోపలికి పోలేదు. ఆమె వచ్చి నా వంక చూసి వంటింట్లోకి వెళ్ళింది. పొయ్యి వెలిగించింది. జొన్న జావ కాచి తెచ్చి నా చేతికిచ్చి ఎదురుగా కూర్చుంది. నేను తాగడం మొదలుపెట్టేదాకా కదల్లేదు. గిన్నె ఖాళీ అయ్యాక దాన్ని అందుకుంటూ “ఆమేన్” అన్నది. ఆ రోజు నన్ను నిలబెట్టింది ఆ మాటే. దాన్ని ఇక్కడ కృతజ్ఞతతో రాస్తున్నాను.

ఇక అన్నదమ్ముల సంగతి.

బర్రె కోసం ప్రార్థన అడిగిన అన్నకూ అతని తమ్ముడికీ వాళ్ళ నాయన వదిలిన మెట్టపొలం ఉంది. పంచుకున్నప్పుడు మధ్యనున్న పాత గట్టునే హద్దు చేసుకున్నారు. గట్టు మొత్తం తనదని అన్న, కాదు, తనదని తమ్ముడు. ఏటా దుక్కి వేళ ఇటొక సాలు, అటొక సాలు గట్టును కోస్తూనే ఉన్నారు. మాటలు మానేశారు. ప్రార్థన పాకలో ఒకరు కుడి గోడ పక్కన, ఒకరు ఎడమ గోడ పక్కన కూర్చుంటారు. ముఖాముఖి మాట్లాడుకోరు గనక తగువంతా ప్రార్థనలోకి తెచ్చారు.

“ప్రభువా, చీకటివేళ గట్టు కోసుకొను చేతులను నీవు చూచుచున్నావు” అని అన్న మొదలుపెట్టేవాడు.

“ప్రభువా, పట్టపగలే గట్టు కోసి, నీ మందిరములో పెద్దరికము చేయువారిని కూడా నీవు చూచుచున్నావు” అని అవతలి గోడ నుంచి తమ్ముడు.

ఇద్దరి కళ్ళూ మూసే ఉంటాయి. ఇద్దరి మెడనరాలూ ఉబ్బి ఉంటాయి. ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వు ఆపుకునేవాళ్ళు. ఒక ఆదివారం బైబిలమ్మ లేచింది.

“ఆపండయ్యా! దేవుణ్ణి మధ్యన నిలబెట్టి ఇటొకడు అటొకడు రాళ్ళేసుకుంటన్నారు. ఆ రాళ్ళన్నీ తగిలేది ఎవరికి?”

ఆ ఆదివారం ఎవ్వరూ నవ్వలేదు.

నిరుడు వానలు ముఖం చాటేశాయి. మా పాలెం వాళ్ళం నీళ్ళు తెచ్చుకునే కుంట ఉగాదికే బురద అయింది. ఊళ్ళో బావి ఉంది. అక్కడ మేం తోడుకోరాదు. తోడి పోసేవాళ్ళు వచ్చేదాకా కుండలు పట్టుకుని దూరంగా నిలబడాలి. వాళ్ళు దయ తలిస్తే నీళ్ళు, లేకపోతే లేదు. మిగిలింది వాగు. అది చాలా దూరం. ఇసుకలో చెలమ తీసి, ఊరే నీళ్ళను ముంతతో తోడుకోవాలి. చెలమ దగ్గర జుట్లు పట్టుకునే దాకా వచ్చింది.

పాలెం వాళ్ళే సొంతంగా బావి తవ్వుకోవాలని బైబిలమ్మ పట్టుబట్టింది. మాచర్ల వైపు నుంచి నీళ్ళ జాడ చూసే ముసలాయన్ని పిలిపించారు. వేపపంగ పట్టుకుని తిరిగే విద్య మీద నాకు నమ్మకం లేదు. అయితే ఆయన చూపించిన చోట నడి ఎండలో కూడా గడ్డి పచ్చగా ఉండటం నేను చూశాను. ఆ చోటు అన్నదమ్ముల గట్టే.

ఇద్దరూ కాదంటారని అనుకున్నాం. ఇద్దరూ ఇస్తామన్నారు.

“నా గట్టు. నేనిస్తన్నా. తవ్వుకోండి” అన్నాడు అన్న.

“ఆయన గట్టయితేగా ఆయన ఇవ్వటానికి! నేనిస్తన్నా. నా పేరున రాసుకోండి” అన్నాడు తమ్ముడు.

ఎవరి పేరున దానం రాస్తే గట్టు వాళ్ళదని తేలిపోతుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. బైబిలమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని ఇద్దర్నీ చూసింది.

“ఇచ్చేవోళ్ళు ఇద్దరయ్యారు. తాగేవోళ్ళకు మాత్రం చుక్క లేదు.”

సరే, తవ్వుతూ ఉంటే మనసులు మెత్తబడతాయని పని మొదలుపెట్టించింది. మనిషి ఛాతీ లోతున నాపబండ తగిలింది. అప్పుడు అన్న కరణాన్ని వెంటబెట్టుకు వచ్చి తన పేరున కాగితం రాయిస్తేనే బండ పగలగొట్టాలన్నాడు. తమ్ముడు గుంటలోకి దూకి బండ మీద కూర్చున్నాడు. తన పేరు లేని కాగితం రాస్తే లేవనన్నాడు. పని ఆగిపోయింది.

ఆ సాయంత్రం ఆమె అందర్నీ గుంట చుట్టూ చేర్చి ప్రార్థన ఎత్తుకుంది. “ప్రభువా, దప్పిగొన్న ఈ పాలెముకు నీళ్ళిమ్ము. ఈ నేల...” అని ఆగింది. కళ్ళు తెరిచి అన్నదమ్ముల్ని చూసింది.

“ఇక్కడ మీరిద్దరూ ఒక మాట అనాలి. ‘నాది కాదు’ అని. ఆ మాట పడేదాకా నేను ముందుకు పోను.”

“వాణ్ణి ముందు అనమను” అన్నాడు అన్న.

“పెద్దోడాయన. ఆయన్నే ముందు అనమను” అన్నాడు తమ్ముడు.

మర్నాడు సాయంత్రం ఆమె మళ్ళీ గుంట దగ్గర నిలబడింది. ప్రార్థన మొదటి నుంచి ఎత్తుకోలేదు. “నిన్న ఆపిన చోట నుంచి” అని చెప్పి, “ఈ నేల...” అన్నది. ఆగింది. పొద్దు గూట్లో పడేదాకా నిలబడింది. ఆ మర్నాడూ అంతే. ఖాళీ కుండలు చంకన పెట్టుకుని మేమూ నిలబడేవాళ్ళం. అన్న తన పొలంలో, తమ్ముడు తన పొలంలో, మధ్యన గుంట.

రోజులు గడిచేకొద్దీ పాలెంలో ఓపిక సన్నగిల్లింది. వంటకు నీళ్ళుంటే పశువులకు లేవు. పసిపిల్లలకు భేదులు మొదలయ్యాయి. తమ్ముడి కూతురు పురిటికి వచ్చి పచ్చి బాలింతరాలిగా ఉంది. ఒక సాయంత్రం బైబిలమ్మ “ఈ నేల...” అని ఆగగానే తమ్ముడి భార్య కుండ కింద పెట్టి మీదికి వచ్చింది.

“చాల్లే నీ పంతం! ఆమేన్ అనేస్తే దేవుడు ఏ మబ్బో పంపేవాడేమో. నా కూతురికి కాగులో కాసిని నీళ్ళు లేవు. నీ ఆమేన్ కోసం మా బిడ్డలు చావాల్నా?”

బైబిలమ్మ కొంగు అంచు మడవబోయి మానేసింది. తరువాత వంగి, ఆ పిల్ల తల్లి కింద పెట్టిన కుండను తన చంకన పెట్టుకుంది.

“నీ కూతురి నీళ్ళు నేను తెస్తా. ఇది మాత్రం మార్చను తల్లీ. పేరు కోసం తవ్విన బావి దగ్గర మళ్ళీ మనం దూరంగా నిలబడాల్సి వచ్చిద్ది. ఇయ్యాల ఊళ్ళో, రేపు ఇక్కడ.”

ఆ మాట విన్నవాళ్ళెవరూ మళ్ళీ ఆమెను ఆమేన్ అనమని అడగలేదు.

అప్పటి నుంచి ఆమె పొద్దు పొడవకముందే వాగుకు వెళ్ళి బాలింత ఇంట్లో కుండ దించి వచ్చేది. మంగళవారం ఆ ఇంట్లో నీళ్ళు ఒలికిపోయాయి. ఆమె ఎవరికీ చెప్పకుండా మళ్ళీ వెళ్ళింది. అప్పటికి ఎండ ఎక్కింది. ఎంతకీ రాలేదని తమ్ముడి భార్య ఎదురు వెళ్ళింది. తరువాత కేకలు విని మేమందరం పరుగెత్తాం.

బండ్లబాట పక్కన తుమ్మచెట్టు పలచటి నీడలో పడుకుని ఉంది. పమిట ముఖం మీద కప్పుకుంది. పక్కన కుండ. నెత్తిన పెట్టుకునే గుడ్డ కుదురును నేల మీద చక్కగా పరిచి, దాని మీద కుండను ఒరగకుండా నిలబెట్టింది. దుమ్ము పడకుండా మోదుగాకు మూసింది. కుండ నిండుగా ఉంది. ఇది నేను చూశాను. తమ్ముడి భార్య వెళ్ళేసరికి ఇంకా ఊపిరి ఉందట. నీళ్ళు పోయబోతే గుటక పడలేదట. “పిల్లకి” అన్నదట. ఇది తమ్ముడి భార్యే చెప్పింది.

ఆ కుండను ఏం చేయాలో తోచక అందరూ దాని చుట్టూ నిలబడి ఏడుస్తుంటే నేనే గట్టిగా చెప్పాను, ఆ నీళ్ళు ఎవరి కోసం తెచ్చిందో వాళ్ళకు చేరాలని. తమ్ముడి భార్య దాన్ని నెత్తిన పెట్టుకుని ఏడుస్తూ నడిచింది. చుక్క ఒలకలేదు.

గుడ్డ కంట్రోలు రోజులు. కొత్త బట్ట దొరకలేదు. ఆమె ఆదివారం కట్టుకునే తెల్లచీరే చుట్టాం. సమాధి గుంట అన్న తవ్వాడు. ఎవరూ అడగలేదు. తనే పార తీసుకుని వెళ్ళాడు.

పాస్టరుగారు మంచివారు. తంతి అందగానే మండుటెండలో రైలెక్కి వచ్చారు. ఆయనకు మా గుంట సంగతి తెలియదు. ఎవరో “బావి పని మొదలుపెట్టింది” అని మాత్రం చెప్పారు. ఆయన ప్రార్థన చివర, “ఈ సహోదరి ప్రారంభించిన కార్యమును ఈ పాలెము నెరవేర్చును గాక, ఆమేన్” అన్నారు.

ఎవరూ పలకలేదు.

ఆయన కళ్ళు తెరిచారు. “ఆమేన్ అనండి” అన్నారు. సమాధి అంచున మట్టి జారిన శబ్దం వినపడింది. ఆయన ముఖం ఎర్రబడింది.

“ఇంతమంది ఉన్నారు, నోళ్ళు లేవా మీకు?”

వెనక నుంచి ఒక ముసలమ్మ అన్నది, “నోళ్ళున్నయ్యి అయ్యగారూ. ఉండబట్టే అనటంలా.”

జనమంతా అన్నదమ్ముల వంక చూస్తున్నారు. అన్న పార మీద చేతులు ఆనించి నిలబడ్డాడు. తమ్ముడు నేల చూస్తున్నాడు. అప్పుడు ఆడవాళ్ళ గుంపులోంచి తమ్ముడి భార్య ముందుకు వచ్చింది.

“గట్టు మాది కాదు” అన్నది.

“ఏమే! ఎవర్నడిగి అంటన్నావ్?” అని తమ్ముడు చెయ్యెత్తాడు.

“ఎవర్నడగాలయ్యా? నా బిడ్డ తాగేది ఆమె తెచ్చిన నీళ్ళు. నీ గట్టు పిండితే గుక్కెడు వచ్చిద్దా?”

ఎత్తిన చెయ్యి అట్లాగే కాసేపు ఉండి కిందికి దిగింది. తమ్ముడు సమాధి వంక చూశాడు. తల దించుకుని, “మాది కాదు” అన్నాడు.

ఇప్పుడు అన్న నోరు మెదపకుండా ఉంటే చాలు, గట్టు మొత్తం అతనిదే. ఇన్నేళ్ళు పోట్లాడిందంతా ఊరికే చేతికి వస్తుంది. ఆ సంగతి అక్కడ నిలబడ్డ పసివాడికి కూడా అర్థమైంది. అన్న తమ్ముడి ముఖంలోకి చూశాడు. ఏళ్ళ తరువాత చూశాడు. పెదవులు కదిలాయి. మాట రాలేదు. పారను మట్టిలో గుచ్చి, జనాన్ని తోసుకుంటూ వెళ్ళిపోయాడు.

పాస్టరుగారు పుస్తకం మూసి బండి ఎక్కారు. అవమానం అని బయట చెప్పుకుంటున్నది ఇదే. చేస్తామో చేయమో తెలియని దానికి మేం ఆమేన్ అనలేదు. ఆమె పక్కన నిలబడి ఆమె నేర్పినదాన్ని తప్పడం మాకు చేతకాలేదు. ఆయనకు ముందే చెప్పి ఉంటే బాగుండేది. చావు తొందరలో ఎవరికీ గుర్తు రాలేదు.

మర్నాడు పొద్దున అన్న మా అరుగు ముందుకు వచ్చాడు. నిద్ర లేని కళ్ళు.

“టీచరమ్మా, వాడు వదిలేశాడు. నేను కూడా వదిలితే ఇంక అది ఎవరిది?”

“పాలేనిది.”

“మా నాయన పాలేరుతనం చేసి కొన్న పొలం. సద్ది తాగటానికి ఆ గట్టు మీదే కూర్చునేవాడు. నాది కాదంటే మా నాయన్ని కాదన్నట్టు ఉంటది. అందామని నోరు తెరుస్తా. రాదు. ఏం చెయ్యమంటావ్?”

నేను జాలిపడి ఏదో ఒకటి చెప్పే మనిషిని కాను. “ఆమె ఉంటే నీకు ఏం చెప్పేదో నీకే తెలుసు” అన్నాను.

అతను తల తడుముకున్నాడు. జుట్టులో ఏదో ఉన్నట్టు వేళ్ళతో దులుపుకున్నాడు. “చొప్ప ఏసి రా అనేది” అన్నాడు. ఆ పూటే గునపం తీసుకుని గుంటలోకి దిగాడు.

రోజూ దిగుతున్నాడు. నిన్నటి నుంచి తమ్ముడు పైన నిలబడి రాళ్ళ గంప అందుకుంటున్నాడు. ఇద్దరూ మాట్లాడుకోవడం లేదు. గంప మాత్రం కిందికీ పైకీ తిరుగుతోంది.

ఇక జరగవలసినవి ఇవి:

1. కరణం చేత కాగితం రాయించాలి. అందులో అన్న పేరు ఉండకూడదు, తమ్ముడి పేరు ఉండకూడదు. వేలిముద్రలు వేసే ముందు దాన్ని గుంట దగ్గర అందరికీ వినపడేట్టు చదవాలి. చదివే పని నాది.

2. నాపబండ పైపొర తప్ప గునపాలకు లొంగదు. మాచర్ల నుంచి రాళ్ళు కొట్టేవాళ్ళను పిలిపించి మందు పెట్టించాలి. వానలు పడే లోపల ఇది పూర్తి కావాలి.

3. బాలింత ఇంటికి నీళ్ళు ఇంటికొకరు చొప్పున వంతు వేసుకుని తేవాలి. ఎండ ఎక్కిన తరువాత ఆడది గానీ మగాడు గానీ వాగుకు పోరాదు.

4. మిషను పెద్దలు విచారణకు తప్పక రావాలి. సాయంత్రం వేళ, నేరుగా గుంట దగ్గరికి రావాలి. తాగే నీళ్ళు వెంట తెచ్చుకోవాలి. ఇక్కడ లేవు.

5. పాస్టరుగారు మమ్మల్ని మన్నించి మళ్ళీ రావాలి. సమాధి దగ్గర ఆగిన చోట నుంచే ప్రార్థన ఎత్తుకోవాలి.

6. అన్న ఆ మాట అనాలి. అతని చేతులు అంటున్నాయి. నోరు ఇంకా అనలేదు. బైబిలమ్మ మోసిన కుండను గుంట ఒడ్డున కుదురు మీద ఉంచాం. పొద్దున తవ్వడం మొదలుపెట్టే ముందు, మట్టి పడకుండా అన్న దాన్ని రెండు చేతులా తీసి గట్టు మీద పెడతాడు. తన వైపూ కాదు, తమ్ముడి వైపూ కాదు. గట్టు నడిమధ్యన పెట్టి, ఒరగకుండా ఉందో లేదో వంగి చూసుకుంటాడు. సాయంత్రం మేం ఖాళీ కుండలతో చుట్టూ నిలబడతాం. ఎవరో ఒకరు “ఈ నేల...” అంటారు. ఆగుతాం.